పళ్ళూడిన పాదం

ఇలుమినాదకు నలభై ఆరేళ్ళు. లిపా ఊళ్ళో ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు, అందరికీ లూమింగే. ఊళ్ళో జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బళ్ళకు సీట్లు కుట్టే, అందరూ మర్యాదకు మాంగ్ అని పిలిచే దోరో షెడ్డులో పంతొమ్మిదేళ్ళుగా మిషను తొక్కుతోంది. తొక్కితే ఏం లాభం? సీటు అడుగు కుట్లు, వీపు వెనక కుట్లు, ఎవరి కంటా పడనివన్నీ ఆమెవి. పైన కనబడే కుట్టు మాత్రం దోరోది. పైకుట్టు ఇంకొకరి చేతికిస్తే షెడ్డు పరువు గంగలో కలుస్తుందని ఆయన గట్టి నమ్మకం.

అలాంటి మనిషికి కంటి ఆపరేషనైంది. కుడికంటికి కట్టు. అవతల ఊరంతా మర్యాదకు ఆలింగ్ అనే బెలెన్ కొనుక్కున్న కొత్త జీప్నీకి ఆ ఆదివారం పది గంటలకు ఫాదర్ వచ్చి ఆశీర్వాదం చెయ్యాలి. సీట్లన్నీ ముదురు రంగువి, ఎప్పుడో అయిపోయాయి. డ్రైవరు సీటు ఒక్కటే మిగిలింది. అది మల్లెపూవులా తెల్లగా ఉండాలని బెలెన్ పట్టు! తెల్ల రెక్సిన్ సరిగ్గా ఒక్క సీటుకే ఉంది. రెక్సిన్ అంటే గుడ్డ కాదుగా, తప్పు కుట్టి విప్పితే సూది బొక్కలు చచ్చినా పూడవు.

"నువ్వే కుట్టు," అన్నాడు దోరో, పన్ను పీకించుకుంటున్న మొహం పెట్టి. "పాడుచేశావో, ఇక జన్మలో పైకుట్టు ఊసెత్తకు."

"బాగా కుడితేనో?"

"ముందు కుట్టవమ్మా తల్లీ!"

ఆదివారం పొద్దున్నే లూమింగ్ దోరో పైకుట్టు మిషను ముందు కూర్చుంది. ముందు కత్తిరింపులో మిగిలిన తెల్ల ముక్క మీద కుట్టి చూసింది. అయ్యో రాత! రెక్సిన్‌ను అదిమిపట్టే ఇనుప పాదానికి అడుగున పళ్ళున్నాయి. కుట్టుకు రెండు పక్కలా ఆ పళ్ళ గాట్లు బారులు తీరాయి. ముదురు రంగు మీద ఎవడు చూడొచ్చాడు? తెలుపు మీద కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. పాదం మీది మర వదులు చేసి చూసింది. గాట్లు తగ్గాయి గానీ పోలేదు. ఇంకా వదులు చేస్తే కుట్టే తప్పింది.

"ఏం చెయ్యమంటారు, మాంగ్ దోరో?"

దోరో నేల చూపులు చూశాడు. "నేను మాత్రం తెల్లది ఎప్పుడు కుట్టాను?"

ఆ మాటకు లూమింగ్‌కు ఎక్కడలేని తెగువా వచ్చింది. పాదం మర విప్పింది, ఆకురాయి అందుకుంది.

"ఏయ్! ఆ మిషనుకు ఉన్నదొకటే పాదం!"

"ఉంటే ఉండనివ్వండి!" బరబరా రుద్దేసింది. పళ్ళు పోయాయి. గరుకు కాగితంతో అద్దంలా నున్నగా చేసి బిగించింది. గాట్లు లేవు! గంతేసినంత పనిచేసింది. కానీ నాలుగంగుళాలు నడిచేసరికి నున్నటి ఇనుము రెక్సిన్‌కు అతుక్కుపోయి, కుట్లన్నీ ఒక్కచోట కుప్పపడ్డాయి.

"ఉన్న పళ్ళూ రాలగొట్టావు," అన్నాడు దోరో. "ఇప్పుడేం నములుతుంది పాపం, గంజి పోసి పెట్టు!"

అప్పుడే బెలెన్ దిగింది, కొత్త గౌను, చేతిలో విసనకర్ర. "ఇంకా అవలేదా! చర్చిలో పూజ ముగిశాక ఫాదర్ ఆగడమ్మా."

అతుక్కుపోవడం... లూమింగ్‌కు చటుక్కున వెలిగింది. పద్నాలుగో ఏట పెద్దింట్లో బట్టలు ఇస్త్రీ చేసేది. బొగ్గుల పెట్టె గుడ్డకు అతుక్కుంటే ఏం చేసేవాళ్ళు? అరటాకు మీద రుద్దేవాళ్ళు! షెడ్డు వెనక్కి ఒకటే పరుగు. ఆకు చీల్చుకొచ్చి కాఫీ పొయ్యి సెగకు పెడితే ఆకు మీది మైనం కరిగి నిగనిగ మెరిసింది. పాదాన్నీ కాస్త వెచ్చజేసి ఆ ఆకుతో అడుగంతా రుద్దింది. పసరు అంటితే తెలుపు సర్వనాశనం, అందుకని శుభ్రమైన గుడ్డతో మూడుసార్లు తుడిచింది.

ముక్క మీద నడిపితే జర్రున జారింది. గాటు లేదు, కుప్ప లేదు.

ఇక అసలు రెక్సిన్. బెలెన్ విసనకర్ర ఆపేసింది. లూమింగ్ ఊపిరి బిగబట్టి తొక్కింది. నిలువు కుట్టు అయింది. మూల మలుపు దగ్గర మెల్లగా తిప్పింది. రెండో మూల. చివరి జానెడు. దారం తెంచింది!

బెలెన్ అరచేత్తో నిమిరి కేక పెట్టింది. "అబ్బబ్బ, వెన్నముద్దే! మా అన్నదమ్ముల బళ్ళు మూడున్నాయి, వాటికీ తెల్లవే వేయిస్తాను. దోరో, కన్ను నయమయ్యాక అవి నువ్వే కుట్టాలి సుమా!"

దోరో సీటు మీదికి వంగాడు. మంచికన్ను కుట్టుకు ఆనించి చూశాడు. నమ్మకం చాలక వేలికొసలతో ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమాడు. మళ్ళీ తడిమాడు. తర్వాత లూమింగ్ ఇన్నేళ్ళూ తొక్కిన అడుగు కుట్ల మిషను దగ్గరికి పోయి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పైవన్నీ ఆమెనడుగు, బెలెన్," అన్నాడు. "అడుగు కుట్లు నేను చూసుకుంటాను."