రోషానికి సాక్ష్యం చెప్పిన ఎలుకలు

మా చిన్న మేనమామది జమ్మలమడుగు పక్క పల్లె. బీపీ ఎక్కువని ప్రొద్దుటూరు డాక్టరు మాత్రలు రాస్తే ముట్టేవాడు కాదు. ఆ ఫ్యాక్షన్ రోజుల్లో మా వైపు బీపీ జబ్బు కాదు, వంశంలో పౌరుషం ఉందనడానికి గుర్తు.

"మాత్రలేసుకుంటే నెత్తురు సల్లబడతాదిరా అల్లుడా. ఎదుటి పార్టీవోళ్లకు అలుసైపోతాం" అనేవాడు.

అందుకే హేతువాద సంఘంలో నాకు తోడుండే మిత్రుణ్ణి ఆయన దగ్గరికి తీసుకుపోయాను. ప్రొద్దుటూరులో జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. అంతకుముందు బెంగళూరులో, జన్యువు మార్చిన ఎలుకల్లో బీపీని పరిశోధించే చోట పనిచేశాడు. అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు.

"ఎలుకలో ఒక్క జన్యువు మారిస్తే సాలు మామా, బీపీ పెరుగుతాది. అట్లని అదేమన్నా పులైతాదా? గిన్నె కింద పడితే మూలకు పోయి నక్కుతాది. మందేస్తే బీపీ తగ్గుతాది. అంతే."

"ఎలకకూ నాకూ పోలికేందప్పా?"

"కిడ్నీలు మామా. దానికీ ఉండాయి, నీకూ ఉండాయి."

మామ పడీపడీ నవ్వాడు. ఆ పూట నుంచే మాత్రలు మొదలుపెట్టాడు.

తర్వాత ఎన్నికలొచ్చాయి. పులివెందులలో ఒక పార్టీ సభకు మామతో కలిసి వెళ్లాను. వేదిక మీద, నాయకుడి పక్కన, నా మిత్రుడు! మైకు అందుకున్నాడు.

"మన నాయకునిది తాతల కాడ్నుంచి వేడి నెత్తురు. రోషం జన్యువుల్లోనే ఉంటాదని ఎలుకల మీద నేనే పరీక్ష చేసి చూసినా!"

ఈలలు, చప్పట్లు. దేవుడి పేరుతో మోసం చేసేవాణ్ణి నిలదీయడం నాకు తెలుసు. మా సంఘం మనిషే సైన్సు పేరుతో అబద్ధమాడితే ఏ నోటితో ఇంకొకరిని నిలదీయను?

సభ అయ్యాక పట్టుకుని అడిగాను.

"రాజకీయంలో అట్ల మాట్లాడాల్సొస్తాదిలేప్పా. ఎవురు నమ్ముతారు?" అన్నాడు.

మామ నమ్మాడు. మర్నాడే మాత్రలు మానేశాడు. అది అబద్ధమని నేను మొత్తుకుంటే ఒకటే అడిగాడు.

"ఎలకల సంగతి ఆయప్పకే తెల్సని తోడుకొచ్చింది నువ్వే కదరా అల్లుడా. ఇప్పుడు ఆయప్ప మాట నమ్మొద్దంటే ఎట్ల?"

ఓట్ల లెక్కింపు కాకముందే పక్షవాతమొచ్చి మామకు కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. నా మిత్రుడు పార్టీ జీపులో పరామర్శకు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"మాత్రలు మానొద్దని అప్పుడే చెప్పినా కదా మామా" అన్నాడు.

మామ ఏదో అనబోయాడు. పెదవులు వంకరపోయాయి తప్ప మాట రాలేదు.

నేనే అన్నాను: "లెయ్యప్పా. బయటికి పో."