ఖాళీ అద్దం ఫోటోల దుకాణం

మొన్న జగిత్యాలలో మా తోడల్లుడి మనవరాలి పెళ్ళికి వెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నాను. విస్తట్లో ఇంకా పప్పు పడనే లేదు, పక్కనున్న మా వియ్యంకుడు తన ఫోను నా ముందు పెట్టాడు. చూద్దును కదా, అక్షింతలు వేస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డది నేనే. ఆ ఫోటో అప్పటికే ఎన్ని ఊళ్ళు తిరిగి వచ్చిందో ఎవరికీ తెలియదు. నన్ను అడిగి పంపారా అంటే బంతిలో వాళ్ళంతా నవ్వారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఫోటోలు తీసి బతికినవాణ్ణి, నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను గానీ, మనసు మాత్రం కోరుట్లలోని నా పాత దుకాణం ముందుకు పోయి నిలబడింది.

మాది సిరిసిల్ల. నాన్న మగ్గం మీద, అన్న సాంచలనే మరమగ్గాల మీద బతుకు వెళ్ళదీసినవాళ్ళు. నాకు ఆ నూలు దుమ్ము పడక ఏడాది పొడుగునా దగ్గే. చూసి చూసి, ఊళ్ళోనే ఫోటో స్టూడియో నడిపే మా మేనమామ నన్ను ఫోటోలు కడిగే తన చీకటి గదిలోకి లాక్కున్నాడు. పని వచ్చాక, మామా అల్లుళ్ళం ఒకే గిరాకీ కోసం పోట్లాడుకోవడం ఎందుకని కోరుట్ల బస్టాండు ఎదురుగా దుకాణానికి ఒక మడిగె గది కిరాయికి చూసిపెట్టి, వచ్చేటప్పుడు రెండు మాటలు మూటగట్టి ఇచ్చాడు. నెగటివు ఎవరికీ ఇవ్వకూడదు, అది మన దగ్గర ఉంటే ఇంకో కాపీ కావాలన్నా వాళ్ళు మన గడపే తొక్కాలి. బయట అద్దాల పెట్టెలో మంచి ఫోటో ఒకటి ఎప్పుడూ వేలాడాలి, బస్సు దిగినవాడి కన్ను ముందు దానిమీదే పడాలి. ఆ రోజుల్లో మా వృత్తివాళ్ళందరికీ ఈ రెండూ వేదవాక్కులే, నేనూ కళ్ళకద్దుకున్నాను.

మొదటి ఏడాది ఈగలు తోలుకుంటూ కూర్చున్నాననే చెప్పాలి. అప్పుడు మెట్‌పల్లి దారిలోని ఒక పల్లె నుంచి పెళ్ళి ఫోటోల పని దొరికింది. చుట్టాలందరినీ వరసగా నిలబెట్టి కదలొద్దని అరిచేసరికి తహసీల్దారు ముందు నిలబడ్డట్టు అందరూ బిగుసుకుపోయారు. చివరన నిలబడ్డ పెళ్ళికూతురి తమ్ముడికి మాత్రం నా అరుపుకే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంత ముచ్చటగా పడిందంటే, ఆ ఫోటోను పెద్దది చేసి, ఎవరినీ అడగకుండానే అద్దాల పెట్టెలో వేలాడదీశాను. అడగాలన్న ఆలోచనే రాలేదు, మా వృత్తిలో అడిగినవాడెవడు? మామ మాట నిజమే అయింది. బస్సు దిగినవాళ్ళు ఆ ఫోటో చూపించి, మాకు కూడా గట్లనే రావాలె అంటూ లోపలికి రాసాగారు.

కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున పెళ్ళికూతురి తల్లి వచ్చింది. అద్దం ముందు చాలాసేపు నిలబడి, తర్వాత లోపలికి వచ్చి, గొంతు తగ్గించి ఒక్క మాట అన్నది.

"కొడుకా, గా ఫోటో అండ్లకెల్లి తీసెయ్."

నీ కొడుకు నవ్వే నాకు గిరాకీ తెస్తుంటే ఎట్లా తీస్తానవ్వా అని నేను నవ్వులాటగా అన్నాను. ఎందుకు అని అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదేమో, అది చెప్పే మాటా కాదు, చెప్పగలిగే కాలమూ కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనక కూర్చుని ఫోటోల అంచులు కత్తిరిస్తున్న మా ఆవిడ, "ఆమె ఊకెనే గంత దూరం రాలె. తీసెయ్యరాదు" అన్నది. ఈ వారపు అంగడి రోజు గడవనీ, తీస్తాలే అన్నాను నేను.

మూడో రోజు పోలీసులు ఇద్దరు వచ్చి, ఆ ఫోటోను చట్రంతో సహా దింపుకుని, ఏ ఊరు, ఎవరి పెళ్ళి అని అడిగారు. చెప్పాను. ఆ పిల్లవాడు రెండు నెలల కిందటే అడవికి పోయి అన్నలలో, నక్సలైట్లలో కలిశాడని నాకు అప్పుడే తెలిసింది. నెగటివు అడగడం వాళ్ళకు తోచలేదో, అక్కర లేదనుకున్నారో, అడగలేదు.

ఆ తర్వాత ఆ పల్లె నుంచే కాదు, చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా మనిషి రాలేదు. ఒప్పుకున్న పెళ్ళిళ్ళు వేరేవాళ్ళకు పోయాయి. ఎవరూ వచ్చి తిట్టలేదు, తిట్టినా బాగుండేది. బస్సు దిగి, నా అద్దం వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుని పోయేవాళ్ళు. దుకాణం మూసి సిరిసిల్లలో సాంచల పనికి పోదామా అనుకున్నాను. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉండేది. రోజూ పేపరు విప్పి ముందు ఫోటోలే వెతికేవాణ్ణి, ఏ పేజీలో ఆ నవ్వు ముఖం కనబడుతుందోనని. దొరికిపోతే, పట్టిచ్చింది నా ఫోటోనే అవుతుంది కదా!

చివరికి మా ఆవిడే ఒకనాడు, "వాళ్ళ మొఖాలు మన పెట్టెల ఎందుకు? ఎవలయి వాళ్ళకిచ్చెయ్" అన్నది. ఆ పెళ్ళి నెగటివులన్నీ ఒక కవరులో పెట్టుకుని, సైకిలెక్కి ఆ పల్లెకు పోయాను.

ఆ తల్లి గడప ముందు చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతున్నది. కవరు ఆమె ముందు పెట్టి, "తప్పయింది అవ్వా" అన్నాను. ఆమె చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టడం పూర్తిచేసి, చేతులు తుడుచుకుని, ఒక నెగటివు తీసి వెలుతురుకు పెట్టి చూసింది. నెగటివులో నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా ఉంటాయి కదా, కొడుకు ముఖం నల్లగానూ జుట్టు వెండిలాగానూ కనబడి ఉంటుంది. చాలాసేపు చూసింది.

"వీని ఎంటికలన్ని తెల్లగైనయి. గంత ముసలోడయ్యేదాక బతుకుతడంటవా కొడుకా?" అన్నది.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. తప్పు చేసినవాణ్ణి నేను, ఆమె లేచి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ రోజు నుంచి మామ మాటలు రెండూ పక్కన పెట్టాను. ఫోటోలతో పాటే నెగటివులు కూడా వాళ్ళకే ఇచ్చేసేవాణ్ణి. అద్దాల పెట్టె తుడిచి, ఖాళీగా వదిలేశాను. ఫోటో లేని ఫోటోల దుకాణమేందిరా అని బస్టాండు అంతా నవ్వింది. అయితే మరుసటి పెళ్ళిళ్ళ కాలానికి ఆ తల్లి చుట్టాల ఇంటి నుంచే నాకు పిలుపు వచ్చింది. బీడీలు అప్పజెప్పడానికి పోయినచోట పది ఊళ్ళ ఆడవాళ్ళు కలుస్తారు, అక్కడ ఆమె నా గురించి, "తప్పు చేసిండు, ఇంటికచ్చి ఒప్పుకున్నడు. ఇగ గాయన తాన భయం లేదు" అన్నదట. ఆ ఒక్క మాట చాటలతో పాటు ఊరూరా తిరిగింది. నా పేరు ఎవరికీ తెలియదు, ఖాళీ అద్దం దుకాణం అంటే మాత్రం చిన్నపిల్లవాడైనా దారి చూపేవాడు. సిరిసిల్ల నుంచి మామ వచ్చి, అద్దం చూసి నెత్తి కొట్టుకుని, సగం రోజు స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూసి, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత తెలిసింది, తనూ నెగటివులు ఇవ్వడం మొదలుపెట్టాడని.

చాలా ఏళ్ళకు ఆ పిల్లవాడు లొంగిపోయి, ప్రాణాలతో ఇల్లు చేరాడు. వాడి పెళ్ళికి నేనే పోయాను, రంగుల ఫోటోలు తీశాను. అవి తీసుకోవడానికి కొడుకుతో కలిసి వచ్చిన తల్లి, ఒక ఫోటో ఏరి నా చేతికి ఇచ్చింది. "ఇగ పెట్టు కొడుకా, అందరు చూడనీ" అన్నది. అద్దం మళ్ళీ నిండింది. దుకాణం మూసేదాకా ఆ ఫోటో దించలేదు. నా పిల్లలు చదువుకున్నది, నా ఇల్లు నిలిచింది ఆ తల్లి చలవే అని ఈ రోజుకూ అనుకుంటాను.

ఇప్పుడు ఎవరి ముఖమైనా ఎక్కడికైనా పోతుంది, తియ్యి అనేవాళ్ళు లేరు, పెట్టు అనేవాళ్ళూ లేరు. కాలం మంచిదయింది కాబట్టే ఆ భయం లేదు, అందుకు సంతోషమే. కానీ ఒకరి ముఖం మన చేతికి వచ్చిందంటే అది వాళ్ళదే, మనది కాదన్న పట్టింపు కూడా ఆ భయంతో పాటే పోయిందేమో అనిపిస్తుంది. మొన్న ఆ బంతిలో నవ్వినవాళ్ళకు ఇదంతా చెప్పాలనిపించింది గానీ, అంతలో విస్తట్లో పప్పు పడింది. పోయిన ఏడాది ఆ తల్లి కొడుకు తన బిడ్డ పెళ్ళి పత్రిక ఇవ్వడానికి మా ఇంటికి వచ్చాడు. తల్లి ఇప్పుడు లేదు. గడపలో ఎండకు నిలబడి అదే నవ్వు నవ్వుతున్న అతని జుట్టు, ఆ తల్లి నెగటివులో చూసినట్టే, అంతా తెల్లగా ఉంది.