మెట్ల మీద శోకం

మొన్న పొద్దున అమీర్‌పేటలో మా మెట్ల మీద, పై అంతస్తు హాస్టల్‌లో ఉండే అమ్మాయి చున్నీ నోట్లో కుక్కుకుని కూర్చుంది. జావా కోర్సు కోసం ఊరి నుంచి వచ్చిన పిల్ల. తండ్రి పోయాడని అప్పుడే ఫోన్ వచ్చిందట.

మీకు యాదికుందా, మన ఊళ్ళలో అరుపుకు ఎన్ని పేర్లుండేవో? దూరాన ఉన్నవాళ్ళను పిలిస్తే కేక, దెబ్బ తగిలితే బొబ్బ, పాము కనబడితే గావుకేక. చావుకు మాత్రం శోకం. మా తాత పోయినప్పుడు మేనత్త పొలిమేరలో బండి దిగుతూనే శోకం పెట్టింది.

"ఇగ నాకు తల్లిగారిల్లేడిది నాయినా!"

అది విని ఆడవాళ్ళంతా చేతిలో పనులు వదిలి ఎదురెళ్ళారు. ఆమె చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించారు. ఆ వాకిట్లో తడిసిన పేడ వాసన నాకింకా తెలుస్తుంది.

"గట్టిగ ఏడువు బిడ్డా," అన్నాను మెట్ల మీది అమ్మాయితో.

"వద్దు తాతా. పక్కల క్లాసు నడుస్తుంది."

"మీ నాయిన నిన్నేమని పిలిచెటోడు?"

"చిన్నీ అనెటోడు..." అంటూనే ఘొల్లుమంది.

క్లాసువాళ్ళు లోపల్నుంచి తలుపు వేసుకున్నారు. ఎదురొచ్చేవాళ్ళు ఎవరూ లేరు. నేనే ఆమె చెయ్యి పట్టుకుని ఆటోదాకా నడిపించాను.