ప్రొప్రైటర్ పేరు

సూర్యాపేటలో కొత్తగా తెరిచే ఏ షాపు ఎన్నాళ్లు బతుకుతుందో రూప దాని ఫ్లెక్సీ చూసి చెప్పేస్తుంది. జాతకం కాదు, అనుభవం. ఫ్లెక్సీ మీద ఫొటోలు ఎంత ఎక్కువుంటే షాపుకు ఆయుష్షు అంత తక్కువ. ఇరవై దాటాయా, మూడు నెలలు. షాపు పేరు కంటే బామ్మర్ది ఫొటో పెద్దగా ఉందా, ఆ మూడు నెలలు కూడా అనుమానమే.

ఆరేళ్లుగా ఆమె పని అదే. డిగ్రీ అయిపోయిన వేసవిలో యోగేష్ అనే ఆయన ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చుంది, ఇంకా లేవలేదు. డిజైనంతా ఆమెదే. అయినా వచ్చిన ప్రతి మగాడూ ఆమె తల మీదుగా లోపలికి తొంగిచూసి "సార్ లేడా?" అంటాడు. సార్ ఉంటాడు, లోపలి గదిలో ఫోన్లో క్రికెట్ చూసుకుంటూ. "శుభాకాంక్షలు" అన్న మాటలో దీర్ఘం ఎక్కడొస్తుందో కూడా ఆ సారుకు తెలియదు. థూ, అదీ ఒక ఓనరేనా!

ఫొటోలు పట్టుకుని వచ్చే కుర్రాళ్లను రూప ఒక మాట తప్పకుండా అడుగుతుంది. "ఎందుకు పెడుతున్నవ్ అన్నా, షాపు?" మొదట్లో ఊరికే అడిగేది, తర్వాత అదో రోగమైపోయింది. జవాబులన్నీ ఒక్క తీరే. "ఖాళీగున్నవా, ఖాళీగున్నవా అని అందరడుగుతున్నరు సెల్లె" అన్నాడొకడు. "మా పెదనాయన కొడుకు పెట్టిండు, మేం తక్కువనా?" అన్నాడింకొకడు. పిల్లనిస్తలేరు అన్నవాళ్లకైతే అంతే లేదు. మొబైల్ షాపు పెట్టేవాడికి ఫోన్ వెనక మూత తీయడం రాదు. బిర్యానీ సెంటర్ పెట్టేవాడు బియ్యం కడిగి ఎరగడు. మరి నీకు ఈ పని వచ్చా అంటే, "పనోళ్లను పెట్టుకుంటం గద!" అని పళ్లికిలిస్తారు. నాకు ఈ పని వచ్చు, అందుకే పెడుతున్నా అని ఆరేళ్లలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అనలేదు.

ఆ మాట అనగలిగింది రూప ఒక్కతే. ఆమెకు సొంత షాపు కావాలి. కోదాడ బస్టాండు వెనక వీధిలో ఒక మడిగె చూసుకుంది. ఒకటే షట్టరున్న చిన్న షాపు గది. ఒక టేబులు, స్టిక్కర్లు కోసే మిషను పడితే చాలు. వారమంతా సూర్యాపేట హాస్టల్లో ఉండి, ఆదివారం గరిడేపల్లి ఇంటికి పోవలసిన పిల్ల, ముందు కోదాడ వెళ్లి ఆ మూసిన షట్టరు ముందు నిలబడి బోర్డు ఎంత పొడుగు పడుతుందో చూసుకుని వచ్చేది.

మడిగె హైమావతమ్మది. మిర్యాలగూడలో రైసుమిల్లులున్న షావుకార్ల ఆడపడుచు, కోదాడ కోడలు. మాట మహా మెత్తన. "నీకే ఇస్తానమ్మా, ఇంకెవరికీ ఇవ్వను. కాకపోతే అగ్రిమెంటు ఆడపిల్ల పేరు మీద ఏం రాస్తాం చెప్పు? మీ నాన్నగారిని ఒకసారి తీసుకురా" అంది.

రూప చేసిన తప్పు అదే. నాన్నను తీసుకెళ్లింది.

నాన్న మల్సూర్ మేళ్లచెరువులో సిమెంటు లారీ మీద ఇరవయ్యేళ్లుగా డ్రైవరు. చెడ్డమనిషి కాదు. మడిగె ముందు నిలబడి బస్టాండు జనాన్నీ, కాలేజీ పిల్లల్నీ చూసి, "మస్తున్నది బిడ్డా, జాగ" అని మెచ్చుకుని సంతకం పెట్టాడు. అడ్వాన్సు మాత్రం రూప జీతంలోదే. వచ్చేదారిలో ఆమె నాన్నకు చెరుకురసం కూడా తాగించింది, పిచ్చిది.

వారం తిరక్కుండా హాలియా నుంచి సంబంధం వచ్చింది. రూపకు కాదు, ఆమె అన్న హరీష్‌కు. హరీష్ నాలుగేళ్లుగా కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు, అంటే పుస్తకం ఛాతీ మీద పెట్టుకుని పడుకుంటున్నాడు. హాలియావాళ్లు అడిగింది ఒకటే. "పిల్లగాడు ఏం చేస్తడు? ఖాళీగున్నోనికి మేమియ్యం." అంతే, ఇంట్లో అందరికీ ఒక్కసారే మడిగె గుర్తొచ్చింది.

"గాడ అన్నకు చాయ్ కేఫ్ పెట్టిద్దాం బిడ్డా" అంది తల్లి వెంకటనర్సమ్మ.

"అది నా కోసమని సూసుకున్న మడిగె అమ్మా."

"నీకేందే, రేపు పెండ్లయితే పోయేదానివి. వాని బతుకు సూడు, ముప్పై నిండవట్టె."

రూప తండ్రి వంక చూసింది. మల్సూర్ తువ్వాలతో మొహం తుడుచుకుని, "అగ్రిమెంటు నా పేరు మీదనే ఉన్నది గద" అన్నాడు మెల్లగా. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ కళ్లెదుటే ఉన్నాడు, పట్టేవాళ్లే లేరు.

చివరికి అన్ననే అడిగింది. "ఎందుకు పెడుతున్నవ్ అన్నా, షాపు?"

"పిల్లనిస్తరని." కనీసం అబద్ధమైనా ఆడలేదు మహానుభావుడు.

"చాయ్ పెట్టొస్తదా నీకు?"

"మాస్టర్ను పెట్టుకుంటం గద. ఫ్లెక్సీ జర నువ్వే కొట్టియ్యి రూపా, మంచిగ."

ఛీ అనిపించింది. అయినా కొట్టిచ్చింది. తను ఇవ్వకపోతే ఇంకెవడో అచ్చుతప్పులతో కొడతాడు, అది చూసి ఓర్చుకోవడం ఆమె వల్ల కాదు. ఇరవై ఏడు ఫొటోలు. మేనమామలు, వార్డు మెంబర్లు, హరీష్ దోస్తులు, ఓ మూల మల్సూర్. రూప ఫొటో లేదు, పెట్టమని ఎవరూ అనలేదు. కింద ఎర్రటి అక్షరాల్లో "ప్రొప్రైటర్: హరీష్". ఇరవై ఏడంటే రెండు నెలలు, అనుకుంది.

కేఫ్ తెరిచిన రోజు హాలియావాళ్లు కారు నిండా దిగారు. పిల్ల తండ్రి ఫ్లెక్సీని పైనుంచి కిందికి చదివి, "పలుకుబడి ఉన్న ఇల్లే" అని తృప్తిపడి, చాయ్ తాగి, అప్పుడు అసలు మాట తీశాడు.

"మా పిల్లనిస్తం బావా. కాని మాకూ ఒక పిల్లగాడున్నడు. మీ రూపను మాకియ్యుండ్రి. కుండమార్పు చేసుకుందాం, రెండు పెండ్లిళ్లు ఒక్క పందిట్లనే అయితయ్."

వెంకటనర్సమ్మ మొహం చేటంతయింది. రూపను ఎవరూ అడగలేదు. ఆ పిల్లగాడు, శ్రీనాథ్, ఇస్త్రీ చొక్కా నలగకుండా కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. రూపే అడిగింది అతన్ని.

"మీరేం చేస్తరు?"

"ఇప్పుడైతే ఖాళీనే. పెండ్లయినంక హాలియాల ఫ్లెక్సీ షాపు పెడ్త."

"ఎందుకు?"

"నీకు పని ఎరికే గద!"

భలే చెప్పాడని అందరూ నవ్వారు. రూప చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. ఆరేళ్లుగా వినాలనుకున్న జవాబు అది. పని వచ్చు కాబట్టి షాపు. పని వచ్చింది ఎవరికి, షాపు ఎవరికి!

"ప్రొప్రైటర్ అని ఎవల పేరేస్తవ్?"

"నాదే. ఇంకెవలది?"

రూప లేచింది. "అయితే ఫ్లెక్సీ గూడ నువ్వే కొట్టుకో" అంది. "దీని నోట్లె మన్నువడ!" అని తల్లి శాపనార్థాలు పెడుతుండగానే నడిచి వెళ్లి సూర్యాపేట బస్సెక్కింది.

రూప రానంటే తమ పిల్ల కూడా రాదన్నారు హాలియావాళ్లు. పిల్లే రానప్పుడు చాయ్ ఎందుకని హరీష్ కేఫ్ వైపు పోవడం మానేశాడు. సరిగ్గా రెండు నెలలకు షట్టరు పడింది. ఇంట్లో రూపతో మాటలు బంద్.

హైమావతమ్మ షాపుకు ఫోన్ చేసింది. "మడిగె ఖాళీ అయిందమ్మా. ఈసారి నిజంగా నీకే. మీ నాన్నగారిని తీసుకు..."

"ఆ మడిగె కాగితాలు ఎవరి పేరు మీదున్నయ్ అమ్మా?"

"నా పేరు మీదే. మా పుట్టింటివాళ్లు పెట్టింది కదా."

"మరి నా పేరు మీద రాస్తే ఏం?"

"భలేదానివే! నా పేరు మీదున్నా సంతకాలన్నీ మావారే పెడతారు తల్లీ" అని మెత్తగా నవ్వింది హైమావతమ్మ.

రూప ఫోన్ పెట్టేసింది. ఎదురుగా ఎవడో ఫొటోల కవరు పట్టుకుని నిలబడి, ఆమె తల మీదుగా లోపలికి తొంగిచూస్తున్నాడు.

"సార్ లేడా?"

లోపలి గదిలో క్రికెట్ అరుపులు వినబడుతూనే ఉన్నాయి.

"లేడు" అంది రూప. "నాతోనే సెప్పు."