మోటారు విప్పించిన మేడమ్

మేడమ్ పోయారన్న కబురు పోయిన సోమవారం పొద్దున ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "అక్క నిద్దర్లోనే పోయిందమ్మా" అన్నాడు. అప్పుడు నేను ఎమ్మిగనూరు సబ్‌స్టేషన్లో డ్యూటీలో ఉన్నాను. ఈ ఉద్యోగంలో ఉన్నానంటే ఆమె వల్లే.

ఆదోనిలో పాలిటెక్నిక్ లెక్చరర్‌గా రిటైరయ్యాక ఆమె పల్లెటూళ్ల హైస్కూళ్లకు తిరిగి, ఇంజనీరింగ్ అంటే ఏమిటో పిల్లలకు చూపించేవారు. మా పెద్దకడుబూరు బడికి వచ్చినప్పుడు నేను పదో తరగతి. ఆటోలో తెచ్చిన పాత మోటారును బల్ల మీద పెట్టించి, విప్పమన్నారు. మగపిల్లలు ఎగబడ్డారు. మేం ఆడపిల్లలం గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఆమె మా దగ్గరికే వచ్చి నా చేతిలో స్పానర్ పెట్టారు.

"పాడైతాదేమో మేడమ్" అన్నాను.

"పాడైందే తెచ్చినాలేమ్మా. ఇంగేం పాడు చేస్తావు, విప్పు!"

లోపల మాడి నల్లబడిన రాగితీగ చుట్లు చూశాక, ఆ చదువే చదవాలనిపించింది.

నాయన ఒప్పుకోలేదు. పత్తి తీసే రోజులవి. మేడమ్ నేరుగా చేనికే వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

"ఆడపిల్లకు మోటర్లు విప్పే సదువు యాటికి మేడమ్? రేపు ఉద్యోగం ఎవురిస్తారు?" అన్నాడు నాయన.

"ఉద్యోగానికి నేను మాటియ్యలేనప్పా. పిల్ల యాడ సదువుతాదో, యాడ పండుకుంటాదో నువ్వే వచ్చి సూడు. నచ్చకుంటే వద్దను."

లేనిపోని ఆశ పెట్టకపోవడమే నాయనకు నచ్చినట్టుంది. ఆదోని పాలిటెక్నిక్‌కు వచ్చి వర్క్‌షాపు, హాస్టలు, వంటగది కూడా చూశాడు. తిరుగు బస్సులో "సేరుదువులే" అన్నాడు, అంతే.

ఉద్యోగం వచ్చాక, సెలవు దొరికినప్పుడల్లా నన్నూ బడులకు తీసుకెళ్లేవారు. నందవరంలో ఒకమ్మాయి, "గాలిమరకు మూడు రెక్కలే ఎందుకక్కా? నాలుగుంటే కరెంటు ఇంగా ఎక్కువ రాదా?" అనడిగింది. నేను తోచిందేదో చెప్పబోయాను.

"తెలీదని సెప్పు. తెల్సుకోని మళ్లీ వద్దాం" అన్నారు మేడమ్.

ఆ ఒక్క పిల్ల కోసం మరుసటి వారం మళ్లీ బస్సెక్కాం. నాలుగో రెక్కతో ఖర్చు పెరిగినంతగా కరెంటు పెరగదన్న జవాబు విని ఆ పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. "ఈ పిల్ల మనల్ని ఊరికే ఇడిసేటట్టు లేదు" అంటూ మేడమ్ దారంతా మురిసిపోయారు.

ఆమెతో ఆఖరుగా వెళ్లింది మద్దికెర బడికి. పని అయ్యాక పిల్లలు గ్రీజు చేతులతో కుళాయి దగ్గర వరుస కట్టారు. ముందు మీరు కడుక్కోండని అక్కడి టీచర్ పిలిచినా ఆమె కదల్లేదు. చీరకు అంటకుండా నల్లటి చేతులు రెండూ ముందుకు చాపుకుని, ఎండలో వరుస చివర నిలబడి, ముందున్న అమ్మాయి చెప్పేది తల వంచి వింటున్నారు.