ఒక్క సర్వర్‌కు నలభై మంది వాచ్‌మెన్లు

నిన్న మా ఇన్‌స్టిట్యూట్‌లో నా పరువు ఎట్లా పోయిందో వినండి. పోతే పోయింది గానీ, పోయిన తీరు చూసి నేనే నోరెళ్లబెట్టాను!

మాది మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తు. సర్వర్లు చూసుకునే కోర్సు నేను చెప్తాను. నిన్న ఫ్రీ డెమో. అమీర్‌పేటలో డెమో అంటే తెలుసు కదా, పది నిమిషాల్లో నచ్చకపోతే జనం లేచి పక్క ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కుతారు. "ఈ బ్యాచ్ నిండకుంటే నీ కోర్సు బంద్ తమ్మీ" అని మా ఓనర్ నర్సింగన్న పొద్దున్నే చెప్పేశాడు.

మా ల్యాబ్‌లో స్క్రీన్లు నలభై ఉన్నా, వెనక పనిచేసేది ఒక్కటే సర్వర్. అందరూ రిమోట్‌గా దాంట్లోకే లాగిన్ అవుతారు. అయ్యారు. అంతే, మౌస్ కదిలిస్తే బాణం గుర్తు ఆలోచించి ఆలోచించి కదులుతోంది. "సార్, హ్యాంగ్!" అని నాలుగు మూలల నుంచీ కేకలు.

నేను గొంతు సవరించుకున్నాను. "వైరస్ అయ్యుంటుంది. ఫికర్ వద్దు! అందరూ యాంటీవైరస్ తెరిచి ఫుల్ స్కాన్ కొట్టండి."

కొట్టారు. నలభై మందీ ఒకేసారి, పాపం ఆ ఒక్క సర్వర్ మీద! స్క్రీన్లన్నీ బిగుసుకుపోయాయి. ముందు వరుసవాళ్లు బ్యాగులు సర్దుకుంటున్నారు.

అప్పుడు లేచింది గ్రేసక్క. పంజాగుట్టలో ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటుందట, సర్టిఫికెట్ కోసం డెమోకొచ్చింది. "సార్, జర నేను చూడొచ్చా?"

సర్వర్ ముందు కూర్చుని స్కాన్లన్నీ ఆపేసింది. నడుస్తున్న ప్రోగ్రాముల లిస్టు తెరిచింది. స్కాన్లు ఆగినా యాంటీవైరస్ పేరే నలభై సార్లు, లాగిన్‌కొకటి!

"మా ఆఫీసుల సుత గిట్లనే అయింది సార్. బిల్డింగుకు వాచ్‌మెన్ ఒక్కడు చాలు కద? మీరు లోపలికొచ్చినోళ్ల ఎన్కాల తలా ఒకన్ని పంపిన్రు. అసలు కాపలా సర్వర్‌ల నడుస్తనే ఉంటది. ఒక్కొక్కళ్ల లాగిన్‌ల దాని విండో లేవకుంటే సరి."

ఒక్క సెట్టింగ్ మార్చి, అందరినీ లాగాఫ్ అయి మళ్లీ రమ్మంది. మెమరీ ఎంత వాడుతోందో చూపే గీత సర్రున కిందికి జారింది. మౌస్‌లు పరిగెత్తాయి. నిజంగా, నాకు ఒళ్లు గగుర్పొడిచింది! ఆ సర్వర్‌కు ర్యామ్ చాలట్లేదని రెండేళ్లుగా నర్సింగన్న ప్రాణం తీస్తున్నది నేనే మరి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బ్యాచ్ నిండింది, కోర్సు బతికింది. సోమవారం నుంచి క్లాసు గ్రేసక్క చెప్తుంది. హాజరు పట్టీలో మొదటి పేరు నాదే!