రాయి, నీళ్లు

ఒకటో తరగతి టీచరమ్మకు ఆటలు ఎవరూ నేర్పలేదు. భర్త పోయాక పన్నెండేళ్లు కుట్టుమిషన్ తొక్కింది, ఆనక చదువుకుని బడిలో చేరింది. గుడ్డపీలికల బంతులు, సీసామూతల అంకెలు, అన్నీ చేత్తో చేసుకున్నవే. పిల్లల ముందు పెట్టి చూసేది, పనికిరాకపోతే విప్పేసేది.

ముప్పైమంది. ఒక్కరూ కుదురుగా కూర్చునే రకం కాదు. కర్ర పట్టకుండా రెండు మాటలతో వాళ్లను పట్టుకుంది. "రాయి" అంటే ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోవాలి. "నీళ్లు" అంటే గలగలమంటూ గదంతా పారాలి. ఒంట్లోని గంతులన్నీ పోయాక పలకలు పట్టించేది. అందరూ మిడత అని పిలిచే పిల్ల మాత్రం రోజూ ఓడిపోయేది. మూడు లెక్కపెట్టేలోగా కదిలేది.

పక్కగది ఐదో తరగతి మాస్టారు గోల భరించలేనన్నాడు. ఇంకొక్కసారి చప్పుడు వినిపిస్తే సోమవారం నుంచి రానక్కర్లేదని పెద్దమేడమ్ చెప్పేసింది. ఇంట్లో కోడలు ఆ మాట కోసమే కాచుకుని ఉంది.

"గెంతడానికి కూడా జీతమిస్తారా అత్తయ్యా? ఆ జీతం ఆగిననాడు ఇక్కడ గెంతుదురుగాని, అంట్లున్నాయి."

శుక్రవారం పొద్దున మాటామాటా పెరిగి టీచరమ్మ ఏమీ తినకుండా వచ్చేసింది. షుగరు మాత్ర మాత్రం మింగింది. మధ్యాహ్నం గంటకు ఇంకా పావుగంట ఉందనగా చెమటలు పట్టాయి, కళ్లు తిరిగాయి. బల్ల పట్టుకోబోయి దాని వెనక కూలిపోయింది. నాలుక పిడచకట్టుకుపోయింది.

"నీళ్లు" అంది.

పిల్లలు పారారు. టీచరు చెరువులో పడిందని ఒకడంటే అందరూ పకపకా నవ్వారు. మిడత ఆమె మీదుగా రెండుసార్లు దూకింది. ఆమె మళ్లీ అదే మాట అంది. ఇంకా జోరుగా పారారు.

వరండాలో పెద్దమేడమ్ చెప్పుల చప్పుడు వినిపించింది. ఆవిడ లోపలికొస్తే ప్రాణం దక్కేది. టీచరమ్మకు గుర్తొచ్చింది సోమవారం.

"రాయి."

గది గడ్డకట్టింది. తలుపు పైభాగంలోని అద్దంలోంచి పెద్దమేడమ్ తొంగిచూసింది. ముప్పై తలలు, ఒక్కటీ కదల్లేదు. బల్ల వెనక నేల ఆవిడకు కనబడదు, టీచరమ్మ ఏ మూలనో ఉందనుకుంది.

"బెదిరిస్తేగాని దారికి రారు, చూశారా మాస్టారూ" అని వెంట వచ్చిన పక్కగది మాస్టారుతో అంటూ వెళ్లిపోయింది.

నీళ్లు అనేదాకా కదలకూడదన్నది ఆట. ఎవరూ అనలేదు. గంట కొట్టినా పిల్లలు బయటికి రాకపోయేసరికి ఆయా వచ్చి తలుపు తీసింది. ఇద్దరు నిలబడ్డచోటే బట్టలు తడుపుకున్నారు. చేతులు పైకెత్తి నిలబడ్డ మిడతకు కన్నీళ్లు బొటబొటా కారుతున్నాయి. పెదవులు మాత్రమే కదిపింది.

"ఆయమ్మా, నేను కదల్లేదు. టీచరుతో చెప్పవా?"